జూరాల వెనుకనీటి దగ్గర కనిపించిన పక్షులు: వీటిలో అరుదైనవి ఏవి?

ప్రశ్న (మక్తల్ ఉపాధ్యాయుడు)

పక్షులను గమనించే పెద్దలకు, మిత్రులకు నమస్కారం. నేను నారాయణపేట జిల్లాలో, మక్తల్‌కు దగ్గరగా ఉన్న ఒక ఊరి ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. జూరాల ప్రాజెక్టు వెనుకనీరు మా ఊరి పొలాల దాకా వస్తుంది. ఈ చలికాలంలో మా పిల్లలూ నేనూ చూసిన నాలుగు రకాల పక్షుల గురించి తెలిసినవారిని అడగాలని ఇది రాస్తున్నాను.

జనవరి మూడో వారంలో నీరు వెనక్కి తగ్గిన చోట, శిఖం భూమిలో వేసిన శనగ చేనుకు ఆనుకొని, నలభైకి పైగా పెద్ద బాతులు కనిపించాయి. ఒళ్ళు లేత బూడిద రంగు, తల తెలుపు, తల వెనుక ఒకదాని కింద ఒకటిగా రెండు నల్లని అడ్డచారలు, కాళ్ళూ ముక్కూ పసుపు. పగలంతా ఒడ్డుకు దూరంగా ఇసుక దిబ్బ మీద నిలబడి ఉండి, పొద్దు గూకే వేళకు ఒక్కసారిగా లేచి, గట్టిగా అరుచుకుంటూ మా తలల మీదుగా చేలలోకి వెళ్ళాయి.

అదే చోట మోకాలి లోతు నీటిలో పెద్ద కొంగలు చాలా ఉన్నాయి. ముక్కు పసుపు, ముఖం నారింజ రంగు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు. ఊరిలో అందరూ వీటిని ‘సైబీరియా కొంగలు’ అనే అంటారు, వార్తాపత్రికలో కూడా అలాగే వచ్చింది.

అంతకు ముందు నవంబరు రెండో వారంలో, ఒక సాయంత్రం వర్షం వెలిసిన తరువాత, ఊరి బయట కరెంటు తీగల మీద చిన్న డేగలు వరుసగా కూర్చొని ఉండగా చూశాము. మరునాడు ఒక్కటీ లేదు. అక్టోబరులో ఒక ఉదయం పాఠశాల వరండాలో పొట్టి తోక గల ఒక రంగురంగుల పిట్ట సొమ్మసిల్లి పడి ఉంది. వీపు ఆకుపచ్చ, రెక్క మీద మెరిసే నీలం మచ్చ, తోక కింద ఎరుపు. కొంతసేపటికి తేరుకొని పొదల్లోకి పోయింది.

వీటిలో నిజంగా అరుదైనవి ఏవి? ఇలాంటివి కనిపిస్తే ఎవరికి, ఏ విధంగా తెలియజేయాలి? స్థలం పేరు బయటపెడితే పక్షులకు హాని కలుగుతుందా? దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం (మహబూబ్‌నగర్ నుంచి)

ఉపాధ్యాయులు గారికి నమస్కారం. మీ వర్ణన స్పష్టంగా ఉంది కాబట్టి, మొదటి రెండింటి గురించి సందేహం లేకుండా చెప్పగలను.

తల వెనుక రెండు చారలున్న ఆ బాతులు బార్ హెడెడ్ గూస్ పక్షులు. మంగోలియాలో, టిబెట్ పీఠభూమి మీద, మన దేశంలో లడాఖ్‌లోని సో మోరిరి, సో కార్ వంటి ఎత్తైన సరస్సుల దగ్గర వేసవిలో గుడ్లు పెట్టి, శీతాకాలానికి హిమాలయాలను దాటి దక్షిణానికి వస్తాయి. శాస్త్రవేత్తలు వాటికి పరికరాలు అమర్చి పరిశీలించినప్పుడు, కొన్ని ఏడు వేల మీటర్లకు పైబడిన ఎత్తులో కూడా ఎగిరినట్టు నమోదైంది. మన దక్కను చెరువుల్లో నవంబరు నుంచి మార్చి దాకా వీటిని చూడవచ్చు. పక్కనే కర్ణాటకలో గదగ్ జిల్లా మాగడి చెరువుకు ప్రతి ఏటా పెద్ద గుంపులు వస్తాయి. మీరు గమనించిన దినచర్య కూడా ఈ పక్షిదే. పగలు నాలుగు వైపులా నీరున్న దిబ్బ మీద భద్రంగా విశ్రాంతి తీసుకుంటాయి, చీకటి పడే వేళకు చేలలోకి వెళ్ళి లేత చిగుళ్ళు, రాలిన గింజలు తిని, తెల్లవారేసరికి మళ్ళీ నీటి దగ్గరకు చేరుకుంటాయి. అందువల్ల మధ్యాహ్నం మాత్రమే చెరువుకు వెళ్ళి చూసేవారికి, ఎండలో మెరిసే నీటి అవతల ఏవో బూడిద రంగు గుట్టలు ఉన్నట్టు అనిపిస్తుందే తప్ప, అవి ఏమిటో తెలియదు.

జనవరిలో జూరాల దగ్గర ఈ బాతులు కనిపించడం సంతోషించవలసిన విషయమే గాని, ఆశ్చర్యపోవలసినది కాదు. ఇదే బాతు జూన్ నెలాఖరులో ఒక్కటి కనిపించినా అది పెద్ద వార్త. దెబ్బ తగిలి వెనక్కి వెళ్ళలేకపోయిందా, జబ్బు చేసిందా, ఎవరైనా పట్టి పెంచుకుంటే తప్పించుకొని వచ్చిందా అని ఆరా తీయవలసి వస్తుంది. మీ ప్రశ్నకు నా సమాధానమంతా దీనిలోనే ఉంది. ఒక పక్షి అరుదా కాదా అన్నది దాని రూపాన్ని చూసి నిర్ణయించలేము, కనిపించిన తేదీని పక్కన పెట్టుకొని నిర్ణయించాలి.

ఇక మీ ఊరివారు సైబీరియా కొంగలంటున్నవి మన ఎర్రకాళ్ళ కొంగలు, పెయింటెడ్ స్టార్క్‌లు. ఇవి ఏ విదేశం నుంచీ రావు. మన ద్వీపకల్పంలోనే పుట్టి, వానలనూ నీటి మట్టాన్నీ బట్టి ఒక చోటు నుంచి మరొక చోటుకు తిరిగే స్వదేశీ పక్షులు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, గుంటూరు దగ్గరి ఉప్పలపాడులో, శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురంలో ఇవి గూళ్ళు కట్టుకుంటాయి. వీరాపురంలో ఇళ్ళ మధ్యనున్న చెట్ల మీద గూళ్ళు కట్టినా ఊరివారు వాటిని కాపాడుకుంటున్నారు. అసలైన సైబీరియా కొంగ వేరు. ఒళ్ళంతా తెల్లగా ఉండి, ముఖం ఎర్రగా ఉండి, ఎగిరినప్పుడు మాత్రమే రెక్కల కొనలు నల్లగా కనబడతాయి. అది రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. అక్కడ కూడా 2001-02 శీతాకాలం తరువాత రావడం మానేసింది.

ఈ పేరు పొరపాటును నేను చిన్న విషయంగా తీసుకోలేను. ఎక్కడి నుంచో వచ్చిన అతిథి అని అనుకున్నప్పుడు, అది వెళ్ళిపోయిన తరువాత ఆ చెట్టుతోనూ ఆ చెరువుతోనూ దానికి పని లేదని మనం అనుకుంటాము. అది మన పక్షే అని తెలిస్తే, అది గూడు కట్టే చింతచెట్టును కొట్టేటప్పుడు, చెరువు శిఖాన్ని పూడ్చేటప్పుడు ఊరు ఒకసారి ఆలోచిస్తుంది. మీ విద్యార్థులకు వాటిని దగ్గరగా చూపించండి. సగం తెరిచిన ముక్కును నీటిలో ముంచి అటూ ఇటూ తిప్పుతూ, ఒక కాలితో అడుగు బురదను కలుపుతూ నడుస్తుంది. కదిలిన చేప ముక్కుకు తగిలిన క్షణంలోనే పట్టు బిగుస్తుంది. గుంపులో మట్టి రంగులో వెలిసినట్టు కనిపించేవి పిల్ల కొంగలు. అవి ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే, ఆ ఏడాది గూళ్ళు ఎలా సాగాయో కొంత అంచనా దొరుకుతుంది.

సమాధానం (అచ్చంపేట నుంచి)

పై మిత్రులు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నాకు మాత్రం మీరు మూడోదిగా, కొంచెం తేలికగా చెప్పి వదిలేసిన డేగలే అన్నింటికన్నా ముఖ్యమైనవిగా కనిపిస్తున్నాయి.

నవంబరులో, వాన వెలిసిన సాయంత్రం, చిన్న డేగలు తీగల మీద గుంపుగా కూర్చొని మరునాటికి మాయమయ్యాయంటే, అవి అమూర్ డేగలు అయ్యే అవకాశం బలంగా ఉంది. ఇవి ఆగ్నేయ సైబీరియాలో, ఉత్తర చైనాలో గుడ్లు పెట్టి, అక్టోబరులో నాగాలాండ్ తదితర ఈశాన్య రాష్ట్రాల్లో లక్షలాదిగా ఆగి, రెక్కల పురుగులను తిని ఒళ్ళు పెంచుకొని, ఆ తరువాత మన ద్వీపకల్పం మీదుగా అరేబియా సముద్రాన్ని ఏకబిగిన దాటి దక్షిణాఫ్రికా వైపు సాగిపోతాయి. నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర 2012లో వీటిని వలలు వేసి వేల సంఖ్యలో చంపిన దృశ్యాలు దేశమంతటినీ కలచివేశాయి. ఆ మరుసటి ఏడాదే అక్కడి గ్రామాలవారు వేటను పూర్తిగా మానుకున్నారు. 2013 నవంబరులో భారత వన్యప్రాణి సంస్థవారు అక్కడ మూడు డేగలకు ఉపగ్రహ పరికరాలు అమర్చి, నాగా, వోఖా, పాంగ్టి అని పేర్లు పెట్టారు. వాటి ప్రయాణాన్ని అనుసరించినప్పుడు, ఇవి ద్వీపకల్పాన్ని అడ్డంగా దాటే తీరు వివరంగా తెలిసింది. మీ ఊరి తీగల మీద కూర్చున్నవి ఇవే అయితే, సైబీరియా నుంచి నిజంగా వచ్చినవి ఆ కొంగలు కావు, ఎవరూ పేరు కూడా అడగని ఈ చిన్న డేగలు.

అయితే మన ప్రాంతంలో ఇవి దాదాపు ఆగకుండా పైపైనే వెళ్ళిపోతాయి. దిగితే, ఉసిళ్ళు లేచిన చోట, పురుగు దొరికే చోట ఒక పూట దిగుతాయి. అందుకే మీరు వాన వెలిసిందని రాసిన మాట నాకు చాలా విలువైనదిగా తోచింది. అయినా, నమోదు చేసే ముందు కొన్ని ప్రశ్నలకు సమాధానం కావాలి. కాళ్ళు ఏ రంగులో ఉన్నాయి? పొట్ట మీద చారలు, చుక్కలు ఉన్నవి ఎన్ని, నున్నగా ముదురు బూడిద రంగులో ఉన్నవి ఎన్ని? వాటిలో ఏదైనా గాలిలో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడిందా? ఎందుకంటే మన చేలలో శీతాకాలమంతా కనిపించే కెస్ట్రెల్ డేగ కూడా అంతే పరిమాణంలో ఉంటుంది. కాని అది సాధారణంగా ఒంటరిగా తిరుగుతుంది, వీపు ఇటుక రంగులో ఉండి నల్లని చుక్కలుంటాయి, గాలిలో నిలబడి కిందికి చూస్తూ వేటాడుతుంది. అమూర్ డేగల్లో పోతు ముదురు బూడిద రంగులో ఉండి, తొడలూ తోక కింది భాగమూ ఎర్రమట్టి రంగులో ఉంటాయి. పెట్టకు పాలిపోయిన పొట్ట మీద ముదురు చారలుంటాయి. కాళ్ళూ కంటి చుట్టు వలయమూ నారింజ ఎరుపు. ఫోటో ఒక్కటి ఉన్నా, అది ఎంత మసకగా ఉన్నా, పంపండి.

ప్రశ్న అడిగినవారు (మక్తల్ ఉపాధ్యాయుడు)

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక విద్యార్థి తన అన్న ఫోనుతో తీసిన ఫోటో ఉంది. తీగ మీద పదకొండు పక్షులు కనిపిస్తున్నాయి. వెలుగు తక్కువగా ఉన్నా, దగ్గరి స్తంభం మీద కూర్చున్న మూడింటిలో రెండింటి పొట్ట మీద చారలు తెలుస్తున్నాయి, మూడోది మొత్తం ముదురు రంగులో ఉండి కాళ్ళ పైభాగం ఎర్రగా ఉంది. కాళ్ళ రంగు నారింజ అని పిల్లలు అప్పుడే అన్నారు. గాలిలో నిలబడినవి ఏవీ లేవు. అన్నీ తీగ మీది నుంచి గాలిలోకి లేచి, పురుగులను కాళ్ళతో పట్టి, ఎగురుతూనే తినేస్తున్నాయి. ఫోటోను ఇక్కడ జతచేశాను.

సమాధానం (అచ్చంపేట నుంచి)

ఫోటో చూశాను. స్తంభం మీదివి అమూర్ డేగలే, రెండు పెట్టలు, ఒక పోతు. మిగిలిన ఎనిమిదింటిని ఆ ఫోటో ఆధారంగా నిర్ధారించలేము గాని, ఒకే గుంపులో ఒకే విధంగా పురుగులను పట్టాయి కాబట్టి, ‘గుంపు మొత్తం పదకొండు, మూడింటికి ఫోటో ఆధారం’ అని రాసి నమోదు చేయవచ్చు. పురుగులను గాలిలోనే తిన్నాయని మీరు గమనించిన వాక్యాన్ని కూడా తప్పకుండా చేర్చండి. ఫోటో కన్నా అటువంటి వాక్యమే ఎక్కువ కాలం పనికి వస్తుంది.

సమాధానం (నల్లగొండ, పానగల్లు నుంచి)

చర్చ మంచి దారిలో సాగుతోంది కాబట్టి, నమోదు గురించీ పాఠశాలలో పడిన పిట్ట గురించీ నాకు తెలిసినంత వరకు చెబుతాను.

ఆ పిట్ట ఇండియన్ పిట్టా, పాత పుస్తకాల్లో పొన్నంకి పిట్టగా కనిపించేది. ఉత్తరాన, మధ్య భారతంలో వానాకాలంలో గుడ్లు పెట్టి, చలికాలానికి దక్షిణాదికీ శ్రీలంకకూ వెళుతుంది. రాత్రిపూట ప్రయాణిస్తుంది, కాబట్టి పట్నాల దీపాల వెలుగుకు దారి తప్పి, కిటికీ అద్దాలకూ గోడలకూ కొట్టుకొని, తెల్లవారేసరికి వరండాల్లో పడి ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఒకసారి, తిరుగు ప్రయాణంలో ఏప్రిల్ చివర, మే నెలల్లో మరొకసారి ఇటువంటి సంఘటనలు జరుగుతుంటాయి. అటువంటి పక్షి దొరికినప్పుడు నీళ్ళు నోట్లో పోయకూడదు, అందరూ చుట్టూ చేరి ఫోటోలు తీయకూడదు. గాలి ఆడే రంధ్రాలున్న అట్టపెట్టెలో, అడుగున మెత్తని గుడ్డ పరచి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఉంచాలి. తేరుకున్న తరువాత దగ్గరలో పొదలున్న చోట పెట్టె మూత తెరిస్తే దానంతట అదే వెళుతుంది. రెక్క విరిగినట్టు కనిపిస్తే అటవీ శాఖవారికి అప్పగించాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని ఇంట్లో పెంచుకోవడం నేరం.

తేదీ విషయంలో మహబూబ్‌నగర్ మిత్రుల మాటను కొంచెం పొడిగిస్తాను. మన రైతులు కార్తెలను బట్టి పనులు చేసుకుంటారు కాబట్టి, పక్షుల రాకపోకలను కూడా కార్తెలతో కలిపి గుర్తుపెట్టుకోవడం పిల్లలకు సులభం. రోహిణి కార్తె చివర, మృగశిర మొదట్లో, తొలకరికి అటూ ఇటూగా చాతకం వస్తుంది. నలుపు తెలుపు రంగులు, నెత్తిన కుచ్చు, పొడవైన తోక ఉంటాయి. గూడు కట్టుకోదు, గుంపులుగా నేల మీద గెంతుతూ గోల చేసే బాబ్లర్ పిట్టల గూళ్ళలో గుడ్లు పెడుతుంది. దక్షిణ కొసన ఏడాది పొడవునా ఉండే చాతకాలు కొన్ని ఉన్నా, మన దగ్గర వానలతో పాటు కనిపించేవి ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వచ్చేవే. హస్త, చిత్త కార్తెల నాటికి గులాబీ గోరింకలు మధ్య ఆసియా వైపు నుంచి గుంపులు గుంపులుగా దిగుతాయి. పాలు పోసుకునే జొన్న కంకుల మీద వాలుతాయి గాని, మిడతలను కూడా విపరీతంగా తింటాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోదుగ పూల మీద, బూరుగు పూల మీద వీటి గొడవ చూడవలసిందే. స్వాతి, విశాఖ కార్తెల్లో చేల మీద తక్కువ ఎత్తులో, రెక్కలను కొంచెం పైకెత్తి తేలిపోతూ పిల్లిగద్దలు తిరగడం మొదలుపెడతాయి. ఇవి కూడా మిడతలనూ చిన్న ఎలుకలనూ తిని, రాత్రికి గడ్డి బీళ్ళలో నేల మీదనే గుంపుగా పడుకుంటాయి. తుంగభద్రకు అవతల, కర్నూలు వైపున్న రోళ్ళపాడు గడ్డి భూములు ఒకప్పుడు వీటికి పెట్టింది పేరు. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో ఏర్పాటు చేసిన అభయారణ్యం అది. మన వైపు కూడా బీళ్ళు తగ్గి, జొన్న చేలు తగ్గి, పత్తి పెరిగిన తరువాత, పిల్లిగద్దలు నిద్రించే చోట్లు ఎక్కడెక్కడ మిగిలాయో రాసిపెట్టేవారు చాలా తక్కువ. అరుదైన పక్షి కోసం వెతికే ఉత్సాహంలో, ఏటా వచ్చే పక్షి రావడం ఎప్పుడు తగ్గిందో గమనించకుండా వదిలేస్తామేమోనని నాకు ఎక్కువ దిగులు.

రాసిపెట్టడం వల్ల ఏమి ఒనగూరుతుందో చెప్పడానికి మన పొరుగునే ఉదాహరణ ఉంది. నిజాం కాలంలో, 1931లో మొదలైన హైదరాబాద్ రాష్ట్ర పక్షుల సర్వేలో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గారు అమ్రాబాద్ అడవుల్లోని మన్ననూరు, ఫరాబాద్ ప్రాంతాల్లో మకాం వేసి, ఏ పక్షి ఏ చోట ఏ నెలలో దొరికిందో రాసిపెట్టారు. ఇప్పుడు ఆ అడవికి వెళ్ళి, అప్పుడున్నది ఇప్పుడు ఉందా అని ఎవరైనా పోల్చి చూడగలుగుతున్నారంటే, ఆ తేదీలూ ఆ ఊరి పేర్లే కారణం.

ఊరి పేరు అంటున్నాను, జిల్లా పేరు అనడం లేదు. పాత మహబూబ్‌నగర్ జిల్లా 2016లో విడిపోయింది, 2019లో మీ నారాయణపేట జిల్లా కూడా వేరయింది. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి విడిపోయాయి. ‘మహబూబ్‌నగర్ జిల్లాలో కనిపించింది’ అని మాత్రమే ఉన్న పాత రాతలతో ఇప్పుడు ఏమీ తేల్చుకోలేకపోతున్నాము. అందుచేత ఊరు, చెరువు పేరు, కట్ట మీది నుంచి చూశారా, అలుగు వైపు నుంచి చూశారా, ఎంతసేపు చూశారు, ఎన్ని కనిపించాయి, అవి ఏమి చేస్తున్నాయి అనే వివరాలు రాయండి. లెక్క కచ్చితంగా తెలియకపోతే అంచనా అని రాయండి, ‘చాలా’ అని మాత్రం రాయవద్దు.

నమోదుకు ఈబర్డ్ అనే ఉచిత వేదిక ఉంది. ఫోనులోనే పనిచేస్తుంది. ఆ చోట, ఆ నెలలో సాధారణంగా కనిపించని పక్షిని రాసినా, అసాధారణమైన సంఖ్య రాసినా, అది ఆగి వివరం అడుగుతుంది, తరువాత అనుభవజ్ఞులు పరిశీలిస్తారు. అలా అడిగినప్పుడు తమను అనుమానిస్తున్నారని కొందరు నొచ్చుకుంటారు. అది సరైన భావన కాదు. మీరు పంపిన ఫోటో, పురుగులను గాలిలో తిన్న వివరం వంటివే అక్కడ కావలసిన సాక్ష్యం. చూసిన అరుదైన పక్షిని ఒక్కదానినే రాయకుండా, కాకి, గోరింక, కొక్కెర అన్నింటినీ కలిపి పూర్తి జాబితా ఇస్తేనే, ఏది కనిపించలేదో కూడా తెలుస్తుంది. ప్రతి జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన, ఫిబ్రవరిలో నాలుగు రోజుల పెరటి పక్షుల గణన జరుగుతాయి. మా పానగల్లు ఉదయసముద్రం మీద గూడబాతులు, నీటికాకులు, వలస బాతులు ఎన్ని ఉన్నాయో జనవరిలో లెక్కించడం ఎంత ఉపయోగకరమో, మీ జూరాల ఒడ్డున లెక్కించడం అంతకన్నా ఉపయోగకరం. అక్కడ ఒడ్డు పొడవు ఎక్కువ, చూసేవారు తక్కువ.

స్థలం బయటపెట్టడం గురించి కూడా అడిగారు. తీగల మీద ఒక పూట ఆగి వెళ్ళిపోయిన డేగల విషయంలో హాని లేదు. గూడు, గుడ్లు, పిల్లలు ఉన్న చోటును, గుడ్లగూబలు ఉండే రాతి గుట్టలను మాత్రం ఎక్కడా ప్రకటించకండి. తేదీ, వివరం రాసి మీ దగ్గర ఉంచుకోండి, ఆ కాలం దాటిన తరువాత నమోదు చేయండి.

సమాధానం (గద్వాల నుంచి)

నేను రైతును. జూరాల దిగువన కొంత భూమి చేస్తున్నాను, కృష్ణ ఒడ్డున పెరిగినవాడిని. పై పెద్దలు పక్షుల వైపు నుంచి చెప్పారు, నేను ఒడ్డున బ్రతికేవారి వైపు నుంచి రెండు విషయాలు చేరుస్తాను.

మొదటిది ఆ చారల తల బాతులు శనగ చేలను మేయడం. అవి మేస్తాయి, అది నిజం. మొలక దశలో ఒక రాత్రి గుంపు దిగితే, ఒడ్డును ఆనుకున్న మడిలో నష్టం తెలుస్తుంది. ఆ రైతుకు హిమాలయాల గురించి చెబితే సరిపోదు. మా వైపు కొందరు చేసే పని, మొలక లేతగా ఉన్న రోజుల్లో చీకటి పడిన వెంటనే టార్చి లైటు పట్టుకొని గట్టు వెంట ఒక చుట్టు తిరిగి రావడం. మనిషి అలికిడి ఉన్న మడిని వదిలి అవి బీడు వైపు, కోసిన వరి మళ్ళ వైపు దిగుతాయి. కొన్ని చోట్ల గింజలకు మందు కలిపి చల్లేవారున్నారు. ఆ గింజలు తిన్న బాతు నీటిలో పడి చనిపోతే, అదే నీటిని మన గొర్రెలు తాగుతాయని వారికి ఎవరైనా ఓపికగా చెప్పాలి. ఉపాధ్యాయులు చెబితే మా మాట కన్నా ఎక్కువ వింటారు.

రెండోది, రాబోయే నెలల గురించి. మీరు చూసిన బాతులు మార్చిలో వెళ్ళిపోతాయి. కాని అవి నిలబడిన ఇసుక దిబ్బల మీదే ఫిబ్రవరి చివరి నుంచి రివర్ టెర్న్‌లు, చిన్న ప్రాటిన్‌కోల్ పక్షులు గుడ్లు పెట్టడం మొదలవుతుంది. రివర్ టెర్న్ ముక్కు పసుపు, నెత్తి నలుపు, తోక రెండు పాయలుగా చీలి ఉంటుంది. ప్రాటిన్‌కోల్ ఇసుక రంగులో, ఎగిరితే వానకోయిల మాదిరిగా ఉంటుంది. రెండింటికీ గూడు అంటూ ఉండదు. ఇసుకలో అరచేయంత గుంట, దానిలో ఇసుక రంగు మీద గోధుమ చుక్కలున్న గుడ్లు, అంతే. పుట్టి (గుండ్రటి పడవ) దిగి నడిచేవాడి కాలి కింద పడేదాకా అవి గుడ్లని తెలియదు. మనం దగ్గరకు వెళితే టెర్న్ తల మీదికి దూసుకొస్తుంది, ప్రాటిన్‌కోల్ రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ మనల్ని పక్కకు లాగుతుంది. అటువంటిది కనిపిస్తే వచ్చిన అడుగుల మీదనే వెనక్కి రావాలి. మధ్యాహ్నపు ఎండలో తల్లి పక్షి పొట్ట ఈకలను నీటిలో తడిపి వచ్చి గుడ్ల మీద నిలబడి నీడ పడుతుంది. మనం ఫోటో కోసం కాసేపు అక్కడే ఉంటే ఆ గుడ్లు ఇసుక వేడికి పాడైపోతాయి.

ఎగువన కర్ణాటకలోని నారాయణపూర్ ఆనకట్ట నుంచి నీరు వదిలినప్పుడు ఈ దిబ్బలు మునుగుతాయి, అది మన చేతిలో లేదు. కుక్కలను వెంట తీసుకుపోవడం, దిబ్బల మీద వంటలు చేసుకోవడం, పశువులను అటు తోలడం మాత్రం మన చేతిలోనే ఉన్నాయి. మక్తల్ వైపు ఏ దిబ్బ మీద టెర్న్‌లు తిరుగుతున్నాయో, ఒడ్డు నుంచే, మార్చి నెలలో వారానికి ఒకసారి మీ విద్యార్థులతో చూసి రాసి ఉంచండి. నేను గద్వాల వైపు నుంచి అదే పని చేస్తాను. మే నెలలో రెండు రాతలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, నది ఏ ఒడ్డున ఎన్ని గుంపులు నిలిచాయో తెలుస్తుంది. చేపలు పట్టే మిత్రులకు నేను ఇప్పటికే చెప్పి ఉంచాను. వారు మీ వైపు కూడా పుట్టి వేస్తారు కాబట్టి, మీ ఊరి రేవులో వారిని కలిస్తే దిబ్బల పేర్లన్నీ వారే చెబుతారు.